విండోస్‌ను కదపకుండా పక్కనే లినక్స్: నా అనుభవం

మా ఇంట్లో అందరికీ కలిపి కంప్యూటర్ ఒక్కటే. అమ్మ లెక్కలు, చెల్లి చదువు, నా రాతపని అన్నీ దాని మీదే నడుస్తాయి. విండోస్ 10తో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుండగానే 2025 అక్టోబర్ 14 వచ్చింది. విండోస్ 10కి మామూలు మద్దతు ఆ రోజుతో ముగిసింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ అనుమతించిన జాబితాలో ఉండాలి. మా కంప్యూటర్‌కి రెండూ లేవు. అదనపు భద్రతా అప్‌డేట్ల కోసం నమోదు చేసుకుంటే మరో ఏడాది గడువు దొరికింది. ఆ ఏడాదిలో లినక్స్ నేర్చుకుందాం, కుదరకపోతే విండోస్ ఎలాగూ ఉంటుంది కదా అనుకున్నాను. నాకు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: అమ్మ గానీ చెల్లి గానీ కంప్యూటర్ ఆన్ చేస్తే వాళ్ల పని ఎప్పటిలాగే జరిగిపోవాలి.

ఆ షరతు ఉండబట్టే చాలా నిదానంగా చేశాను. ఇన్‌స్టాల్ అవడానికి పట్టింది అరగంటే. దానికి ముందు సన్నాహానికి రెండు వారాంతాలు, తర్వాత సర్దుకోవడానికి దాదాపు నెల పట్టాయి. అందుకే ఇక్కడ ఆ ముందు పనుల గురించీ తర్వాతి పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

లినక్స్ అనే పేరుతో ఒకే ఒక్క సిస్టమ్ దొరకదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది కెర్నల్ అనే గుండెకాయ లాంటి భాగాన్ని. దాని చుట్టూ మిగతా ప్రోగ్రామ్‌లన్నీ కూర్చి ఎవరికి వారు తయారుచేసిన కూర్పులే ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్ వగైరా. వీటినే డిస్ట్రోలు అంటారు. నేను లినక్స్ మింట్ 22లో సినమన్ రకం తీసుకున్నాను. కింద బార్, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం ఉంటాయి కాబట్టి విండోస్‌కి అలవాటుపడ్డ చేతికి కొత్తగా అనిపించదు. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయన్నది రెండో కారణం. ఏ డిస్ట్రో గొప్పదన్న చర్చలు చదువుతూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. మొదటిసారి పెట్టుకునేవాళ్లు ఎక్కువమంది వాడేది ఒకటి తీసుకుని మొదలుపెట్టేయడమే మేలని నా అభిప్రాయం.

మింట్ ఇన్‌స్టాల్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంది. డౌన్‌లోడ్ అయ్యాక, ఫైలు పాడవలేదని తేల్చే ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య సరిచూశాను. విండోస్‌లో ఉన్న సెర్ట్‌యుటిల్ ఆదేశం ఇస్తే 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది, మింట్ వాళ్లు ఇచ్చిన వరుసతో అది అక్షరం పొల్లు పోకుండా కలవాలి. మధ్యలో పాడైన ఫైలుతో ఇన్‌స్టాల్ మొదలుపెడితే ఎక్కడ ఆగిపోతుందో తెలియదు కాబట్టి ఈ రెండు నిమిషాల పని దాటవేయకండి. తర్వాత రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాను. అందులో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే తీసి దాచుకోవాలి.

ఆ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ని బూట్ చేస్తే, అంటే దాని నుంచి మొదలుపెడితే, లినక్స్ నేరుగా దాని మీది నుంచే నడుస్తుంది, డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయదు. దీన్ని లైవ్ సెషన్ అంటారు. చాలామంది దీన్ని ఇన్‌స్టాల్‌కి దారి అనుకుని అయిదు నిమిషాల్లో దాటేస్తారు. నేను ఒక శనివారమంతా అందులోనే గడిపాను. స్పీకర్లు మోగాయి. ప్రింటర్‌ని తనే కనిపెట్టింది, డ్రైవర్ కూడా అడగలేదు. వెబ్‌క్యామ్ పనిచేసింది. డీ డ్రైవ్‌లోని ఫొటోలు తెరుచుకున్నాయి. తెలుగు వార్తలు ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా కనిపించాయి. వైఫై మాత్రం లేదు. అసలు కంప్యూటర్‌లో అలాంటి పరికరమే లేనట్టు జాబితా ఖాళీగా ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిస్తే మా వైఫై కార్డుకి విడిగా డ్రైవర్ వేసుకోవాలని చూపించింది. ఈ సంగతి ఇన్‌స్టాల్ చేశాక తెలిసి ఉంటే కంగారుపడేవాణ్ని. ముందే తెలిసింది కాబట్టి కేబుల్ పక్కన పెట్టుకున్నాను.

తర్వాతి వారాంతం డిస్కు పని. మొదట డీ డ్రైవ్ మొత్తం, అమ్మ లెక్కల ఫోల్డర్ ఒక బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీలోంచే నాలుగు ఫైళ్లు తెరిచి చూశాను. అమ్మ వెనకే నిలబడి ఉంది.

"ఒరేయ్, నా లెక్కలు ఎక్కడికీ పోవు కదా?"

"పోవమ్మా. ఇదిగో, రెండు చోట్ల ఉన్నాయి, చూడు."

డీ డ్రైవ్ ఫొటోలతో నిండిపోయి ఉంది కాబట్టి సీ డ్రైవ్‌లోంచే చోటు తీయాలి. అందులో 150 జీబీ పైగా ఖాళీ ఉంది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో, డ్రైవ్‌ని కుదించే ష్రింక్ వాల్యూమ్ నొక్కితే 22 జీబీ మాత్రమే ఇవ్వగలనంది. ఖాళీ అంత ఉంటే ఇదేమిటి అని వెతికితే కారణం తెలిసింది. పేజ్ ఫైలు (మెమరీకి తోడుగా వాడేది), హైబర్నేషన్ ఫైలు (ఆపేటప్పటి స్థితిని దాచేది), రిస్టోర్ పాయింట్లు (పాత స్థితికి వెళ్లడానికి దాచినవి) లాంటివి డిస్కులో ఎక్కడో మధ్యలో కూర్చుని ఉంటాయి, విండోస్ నడుస్తుండగా వాటిని జరపడం కుదరదు. వాటి అవతల ఉన్న చోటే మనకి దొరుకుతుంది. హైబర్నేషన్ ఆపేశాను, పేజ్ ఫైలు తీసేశాను, రిస్టోర్ పాయింట్లు దాచే సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపేశాను, రీస్టార్ట్ చేశాను. ఈసారి 90 జీబీ దాకా చూపించింది. నాకు కావలసిన 60 జీబీకి 61440 ఎంబీ అని వేసి నొక్కాను. పని అయ్యాక తీసిన మూడింటినీ మళ్లీ ఎప్పటిలా పెట్టేశాను. ఆ మూడింట్లో ఒకటి మళ్లీ పెట్టకుండా ఉండాల్సిందని తర్వాత తెలిసొచ్చింది, అది చెబుతాను.

అప్పుడే ఒక కాగితం తీసుకుని డిస్కులో ఏ భాగం ఎంత ఉందో వరుసగా రాసుకున్నాను. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ భాగం 100 ఎంబీ, దాని పక్కన 16 ఎంబీ రిజర్వ్‌డ్, సీ డ్రైవ్, కొత్త ఖాళీ 61440 ఎంబీ, రికవరీ, చివర డీ. లినక్స్‌లో సీ, డీ అనే అక్షరాలు ఉండవు. అక్కడ డిస్కు పేరు ఎస్‌డీఏ, భాగాలు ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని వరుస సంఖ్యలతో వస్తాయి. పరిమాణాన్ని బట్టే ఏది ఏదో పోల్చుకోవాలి. ఆ కాగితం లేకుండా ఇన్‌స్టాలర్ ముందు కూర్చుని ఉంటే ఊహతో నొక్కాల్సి వచ్చేది.

ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన తనే పెట్టుకునే మార్గం ఒకటి ఉంది, అన్నీ మనమే ఎంచుకునే మార్గం ఇంకొకటి ఉంది. ఏది ఎక్కడికి వెళ్తోందో నా కళ్లతో చూడాలనిపించి రెండోది తీసుకున్నాను. పట్టిక తెరుచుకుంది. నా కాగితంలో 61440 ఉంటే, అక్కడ ఖాళీ 64424 ఎంబీ అని ఉంది. 100 అని రాసుకున్న ఈఎఫ్ఐ ఎదురుగా 104 అని ఉంది. చేయి మౌస్ మీంచి తీసేశాను. మూడు వేల ఎంబీ ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఖాళీ చేసిన చోటేనా, ఇంకేదైనా భాగమా?

ఇన్‌స్టాలర్ మూసేసి, లైవ్ సెషన్‌లోనే ఉన్న జీపార్టెడ్ అనే డిస్కు ప్రోగ్రామ్ తెరిచి చూశాను. అందులో ఖాళీ సరిగ్గా 60 అని ఉంది. తేడా లెక్కించే పద్ధతిలో ఉందని అప్పుడు అర్థమైంది. విండోస్ ఒక ఎంబీ అంటే 1024ని 1024తో గుణించి చెబుతుంది, ఆ ఇన్‌స్టాలర్ సరిగ్గా పది లక్షల బైట్లని ఒక ఎంబీ అంటుంది. 61440ని 1.048576తో గుణిస్తే 64424 వస్తుంది. ఫోన్‌లో లెక్క వేసుకుని, కాగితంలో ప్రతి సంఖ్య పక్కనా రెండో సంఖ్య కూడా రాసుకున్నాకే మళ్లీ ఇన్‌స్టాలర్ తెరిచాను. ఈ ఒక్క సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ సాయంత్రం అంత భారంగా గడిచేది కాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఖాళీ భాగాన్ని ఎంచుకుని ఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్‌తో రూట్‌గా, అంటే లినక్స్ మొత్తం కూర్చునే చోటుగా పెట్టాను. స్వాప్‌కి (మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటుకి) విడిగా పార్టిషన్, అంటే డిస్కు భాగం అక్కర్లేదు, మింట్ దాన్ని ఒక ఫైలుగా తనే పెట్టుకుంటుంది. ఈఎఫ్ఐ భాగాన్ని మాత్రం ఫార్మాట్ చేయకూడదు. విండోస్ బూట్ అవడానికి కావలసిన ఫైళ్లు అందులోనే ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, లినక్స్ తన ఫోల్డర్‌ని వాటి పక్కన పెట్టుకుంటుంది. ఇద్దరికీ ఆ చిన్న భాగం సరిపోతుంది. చివరి హెచ్చరికలో ఫార్మాట్ అయ్యేది 6వ పార్టిషన్ ఒక్కటే అని ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, కాగితంతో పోల్చి, కొనసాగించు నొక్కాను.

రీస్టార్ట్ అయ్యాక, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది. పైన మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్. ముందు విండోస్‌లోకే వెళ్లాను. అమ్మ లెక్కలు తెరుచుకున్నాయి, చెల్లి ఫోల్డర్లు ఉన్నచోటే ఉన్నాయి. ఆ తర్వాతే లినక్స్‌లోకి వెళ్లాను.

మొదటి పని వైఫై. ఫోన్ కేబుల్ పెట్టి డ్రైవర్ వేస్తే, మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగింది. ఏదో ఒకటి పెట్టి రీస్టార్ట్ చేశాను. నీలం తెర ఒకటి వచ్చింది. పది సెకన్లలో ఏదైనా కీ నొక్కమంటోంది. నాకు అర్థం కాక, బూట్ కొనసాగించమని చెప్పేశాను. వైఫై రాలేదు. సంగతేమిటంటే, మా కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. సంతకం ఉన్న కోడ్‌నే అది నడవనిస్తుంది. ఈ డ్రైవర్ మన కంప్యూటర్‌లోనే తయారై, మన కంప్యూటర్‌లోనే పుట్టిన ఒక తాళంచెవితో సంతకం చేయించుకుంటుంది. ఆ తాళంచెవి నాదేనని నేను ఒప్పుకున్నట్టు చెప్పే చోటు ఆ నీలం తెర. పాస్‌వర్డ్ అక్కడ అడగడానికే. మోక్‌యుటిల్ ఆదేశంతో తాళంచెవిని మళ్లీ నమోదుకి పెట్టి, ఈసారి ఎన్‌రోల్ మోక్ (తాళంచెవి నమోదు) ఎంచుకుని పాస్‌వర్డ్ ఇచ్చాను. వైఫై వచ్చింది. సెక్యూర్ బూట్ ఆపేస్తే ఈ గొడవే ఉండదు, చాలామంది అదే చేస్తారు. విండోస్ కూడా ఉన్న కంప్యూటర్‌లో దాన్ని ఆపకుండా ఉంచడమే నాకు సబబనిపించింది.

తర్వాత నా షరతు ప్రకారం గ్రబ్ సెట్టింగుల ఫైలులో విండోస్‌నే మొదటి ఎంపికగా పెట్టి, అప్‌డేట్-గ్రబ్ ఆదేశం ఇచ్చాను. ఎవరూ ఏమీ నొక్కకపోతే పది సెకన్లకి విండోస్ తెరుచుకుంటుంది. ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను.

రెండు రోజుల తర్వాత చెల్లి వచ్చింది.

"అన్నయ్యా, గడియారం ఏం చేశావు? ఇంకా బోలెడు టైముందనుకుని కూర్చున్నాను. ఆన్‌లైన్ క్లాసు అయిపోయింది."

విండోస్‌లో గడియారం కొన్ని గంటలు వెనక్కి వెళ్లి ఉంది. మదర్‌బోర్డు మీద బ్యాటరీతో నడిచే గడియారంలో స్థానిక సమయం ఉంటుందని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ఉంచి, తెర మీద చూపేటప్పుడు మన సమయానికి మారుస్తుంది. నేను లినక్స్ వాడి ఆపేసిన ప్రతిసారీ యూటీసీ రాసి వెళ్తోంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటోంది. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లినక్స్ కూడా స్థానిక సమయమే ఉంచేలా మార్చాను. విండోస్ వైపు రిజిస్ట్రీలో మార్చే దారి కూడా ఉంది. వాళ్లిద్దరూ వాడేదాన్ని ముట్టుకోకూడదనే నేను లినక్స్‌నే మార్చాను. చెల్లికి క్షమాపణ చెప్పాను. ఈ తేడా గురించి ఇన్‌స్టాల్ రోజే చూసుకోవాల్సింది.

ఇక హైబర్నేషన్ సంగతి. ఒక సాయంత్రం లినక్స్‌లో రాసిన ఫైలుని డీ డ్రైవ్‌లో దాచబోతే, అక్కడ చదవడానికే అనుమతి ఉంది, రాయడానికి లేదంది. అంతకుముందే చెల్లి విండోస్‌ని షట్‌డౌన్ చేసి వెళ్లింది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగదు. కెర్నల్ స్థితిని డిస్కులో దాచిపెట్టి, ఈసారి ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే అందుకుంటుంది. అంటే విండోస్ దృష్టిలో డీ డ్రైవ్ ఇంకా తన చేతిలో తెరిచే ఉంది. ఆ సమయంలో ఇంకొకరు వెళ్లి రాస్తే ఫైళ్లు పాడైపోవచ్చు కాబట్టి లినక్స్ రాయనివ్వలేదు. అది చేసింది మంచి పని. బలవంతంగా రాసే ఆదేశాలు కొన్ని దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి. నేను విండోస్‌లోకి వెళ్లి హైబర్నేషన్‌ని శాశ్వతంగా ఆపేశాను, దాంతోపాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోయింది. చోటు తీయడం కోసం ఒకసారి ఆపినప్పుడే అలా వదిలేసి ఉంటే సరిపోయేది. విండోస్ తెరుచుకోవడానికి ఇప్పుడు కొన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది, అమ్మకి ఆ మాట చెప్పి ఒప్పించాను.

తెలుగు టైపింగ్ గురించి నాకు పెద్ద దిగులే ఉండేది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక వాడతాను. కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ల జాబితాలో తెలుగు చేర్చగానే అవే కీలు, అవే చోట్లు. పొల్లు కోసం ఇంగ్లీషు డీ కీ మీదికి వెళ్లే వేలు అలాగే వెళ్లింది, ఒత్తులు అలాగే పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణని బట్టి రాసేవాళ్లకి ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఎం17ఎన్ అనే భాగం చేర్చుకుంటే ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ పద్ధతులు దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీగా ఉన్నాయి, అవీ వేసుకున్నాను. ఇబ్బంది వచ్చింది పాత ఫైళ్లతో. విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో రాసుకున్నవి లినక్స్‌లోని లిబ్రేఆఫీస్ అనే రాతపని ప్రోగ్రామ్‌లో తెరిస్తే, ఆ ఫాంట్ ఇక్కడ లేదు కాబట్టి వేరేది వచ్చి కూర్చుంది. పంక్తులు జరిగాయి, 12 పేజీలది 14 పేజీలైంది. పదాలకేమీ కాలేదు. యూనికోడ్‌కి (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఉమ్మడి పద్ధతికి) ముందు కాలపు ఫాంట్లతో చేసినవైతే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపించాయి. వాటిని విండోస్‌లోనే తెరుచుకుంటున్నాను.

మిగతా వాటిలో చాలావరకు చెప్పుకోదగ్గ కష్టం లేదు. బ్రౌజర్, వీడియోలు, ప్రింట్లు అన్నీ మొదటి రోజు నుంచే సజావుగా నడిచాయి. అన్ని ప్రోగ్రామ్‌లకీ అప్‌డేట్లు ఒకే చోట నుంచి రావడం నాకు బాగా నచ్చింది. టైమ్‌షిఫ్ట్‌తో వారానికోసారి సిస్టమ్ నకలు తీసుకునేలా పెట్టాను. అమ్మ లెక్కల ప్రోగ్రామ్ మాత్రం విండోస్‌ది, బాగా పాతది. విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపే వైన్‌లో పెట్టి చూస్తే తెరుచుకుంది గానీ ప్రింట్ తీస్తే అంకెల వరుసలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. డబ్బు లెక్కల్లో అలాంటివి సర్దుకుపోయే విషయం కాదు. అది విండోస్‌లోనే ఉంటుంది.

ఒకరోజు ఆన్ చేస్తే గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంది. లినక్స్ పోయిందనుకోలేదు, ఎందుకంటే ఆ పార్టిషన్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపిస్తూనే ఉంది. విండోస్ కంటే ముందే నడిచే ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి బూట్ వరుసలో మింట్ అనే పేరు కోసం వెతికాను. లేదు. ఉబుంటు అని ఒకటి ఉంది. మింట్‌ని ఉబుంటు మీద కడతారు కాబట్టి ఈఎఫ్ఐలో దాని ఫోల్డర్‌కీ, బూట్ వరుసలో దానికీ ఆ పేరే ఉంటుంది. దాన్ని పైకి జరిపితే మెనూ తిరిగొచ్చింది. ఆ సంగతి కూడా కాగితం మీదికి ఎక్కించాను. నీలం తెర పాస్‌వర్డ్, గడియారం ఆదేశం, ఎంబీల రెండో లెక్క అన్నీ ఇప్పుడు ఆ కాగితం మీదే ఉన్నాయి, వెనకవైపు కూడా నిండిపోయింది.

ఇప్పుడు చెల్లి తన ల్యాప్‌టాప్‌లోనూ పెట్టుకుంటానంటోంది. అది కొత్తది, విండోస్ 11తో వచ్చింది, సెట్టింగుల్లో చూస్తే డిస్కు ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకి వేసే తాళం) ఆన్‌లో ఉంది. అలాంటి దాంట్లో బూట్ సెట్టింగులు మారిస్తే విండోస్ రికవరీ కీ అడిగే అవకాశం ఉంది, అది లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు. నా కాగితం చూసి రాసుకోమన్నాను. తను వేరే కాగితం తెచ్చుకుని, తన ఖాతాలోంచి ఆ రికవరీ కీ 48 అంకెలూ తీసి అన్నిటికంటే పైన రాసింది. నేను ఒక్కో అంకె చదువుతుంటే సరిచూసుకుంది. ఇక బ్యాకప్ తీయాలి, దానికి బయటి డిస్కులో చోటు చేయాలి. ష్రింక్ పని వచ్చే వారాంతానికి పెట్టుకున్నాం.